పద్దు రాసిన చేత్తోనే: షావుకారు శాసనసభ్యుల గురించి పాఠకుల ప్రశ్నలు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లోని తెలుగు పాఠకుల నుండి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చిన్న పట్టణంలో వ్యాపారం చేసుకుంటూ శాసనసభ దాకా వెళ్ళిన పెద్దల జీవితాన్ని ఎలా తెలుసుకోవాలి, ఎలా రాయాలి, అందులో దేనిని ప్రజాసేవగా లెక్కించాలి అన్నదే ఆ విషయం. మొదటి ఉత్తరం రాసినవారు తమ పేరు, ఊరి పేరు వేయవద్దని కోరారు. వారి ప్రశ్న పెద్దది కనుక సమాధానమూ పెద్దదే అయింది. తక్కిన ఉత్తరాల వారు కూడా దానిని చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మాది ఒడిశాలో వంశధార ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. మా అమ్మ నాన్నగారు, అంటే మా తాతగారు, కొండ దినుసుల వ్యాపారంతో మొదలుపెట్టి తరువాత బియ్యం మిల్లు నడిపారు. 1960లలో ఒక పర్యాయం ఒడిశా శాసనసభకు ఎన్నికయ్యారు. త్వరలో ఆయన శతజయంతి వస్తున్నది కనుక చిన్న పుస్తకం వేద్దామని, దానిని నన్ను రాయమని మా మావయ్యలు అంటున్నారు. మా దగ్గర దండలు వేసిన ఫోటోలు, రెండు సన్మాన పత్రాలు తప్ప ఏమీ లేవు. ఊళ్ళో పెద్దలు మాత్రం హైస్కూలు ఆయనే తెచ్చారని, వంతెన ఆయనే వేయించారని, ఆస్పత్రి ఆయన చలవేనని చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: అమ్మా, ఈ పని మీ చేతికి రావడం నాకు సంతోషంగా ఉంది. సరిహద్దు జిల్లాల తెలుగువారికి రెండు వైపుల చరిత్ర పుస్తకాల్లోనూ దక్కిన చోటు తక్కువ. ఆంధ్ర వైపు రాసేవారికి మనం గడప దాటినవాళ్ళం, ఒడియాలో రాసేవారికి పక్కింటి నుండి వచ్చినవాళ్ళం. అందువల్ల మీరు రాయబోయే చిన్న పుస్తకమే మీ తాతగారి గురించి మిగిలే ఏకైక సాక్ష్యం కావచ్చు. ఆ సంగతి మనసులో ఉంచుకుని, ఫోటోలనూ సన్మాన పత్రాలనూ పక్కన పెట్టి, ముందుగా మిల్లు లెక్కల పుస్తకాలు ఎక్కడున్నాయో అటక మీద వెతికించండి.

కారణం చెబుతాను. పాత గంజాం జిల్లా నుండి చట్టసభలకు వెళ్ళి పేరు నిలుపుకున్నవారిలో ముందుగా గుర్తుకు వచ్చేది న్యాయవాదులే. 1921 నుండి 1926 వరకు మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రిగా పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థాపనకు చట్టం తెచ్చిన సర్ ఎ.పి. పాత్రో బరంపురం న్యాయవాది. అదే బరంపురంలో వకీలు జోగయ్య పంతులు గారి ఇంట 1894లో పుట్టి, ఐర్లాండులో న్యాయశాస్త్రం చదివి, 1937లో మద్రాసు మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసి, 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి సంగతి అందరికీ తెలిసినదే. న్యాయవాది మాటతో బతుకుతాడు కనుక ఆయన మాటలు అచ్చులో మిగులుతాయి. షావుకారు కూడా రోజూ రాస్తాడు గాని, ఆ రాత అమ్మకానికీ అప్పుకూ చెల్లింపుకూ సంబంధించినది కావడం వల్ల ఇంట్లోవాళ్ళు కూడా దానిని చరిత్ర అనుకోరు. ఆయన పోయిన కొన్నేళ్ళకు చిట్టాలు, ఆవర్జాలు తూకం లెక్కన పాత కాగితాల కింద వెళ్ళిపోతాయి. మీ ఇంట్లో అలా జరగలేదని ఆశిస్తున్నాను.

చిట్టాలో ఏ రోజు లావాదేవీ ఆ రోజే పడుతుంది. ఆవర్జాలో మనిషి పేరున, సరుకు పేరున ఖాతాలు ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎన్నో సంగతులు బయటపడతాయి. ఉదాహరణకు, తాతగారి చేతిరాత ఆగి గుమాస్తా చేతిరాత మొదలైన తేదీలను వరుసగా రాసుకుని, వాటిని శాసనసభ సమావేశాల తేదీలతో సరిచూడండి. ఆయన సభకు ఎంత క్రమంగా వెళ్ళారో, ఎన్ని రోజులు ఊరు వదిలి ఉన్నారో, అప్పుడు మిల్లు ఎవరు చూసుకున్నారో ఆ రెండు చేతిరాతలే చెబుతాయి. ఎన్నికైన ఏడాదికి ముందూ తరువాతా మిల్లు ఆడిన బస్తాల లెక్క పెరిగిందా తగ్గిందా అన్నది కూడా చూడండి. ప్రజాజీవితం వ్యాపారాన్ని దెబ్బతీసిందో, దానికి దన్నుగా నిలిచిందో తెలియకుండా వ్యాపారి అయిన శాసనసభ్యుడి జీవితం రాయడం కుదరదు.

ప్రయాణ ఖర్చుల పద్దులను ప్రత్యేకంగా చూడండి. నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా సాగిన చిన్న రైలు మార్గం ఆ రోజుల్లో మీ వైపువారికి బయటి ప్రపంచానికి దారి. ఆ రైల్లో బయలుదేరిన ఒడిశా శాసనసభ్యుడు తన రాజధాని భువనేశ్వర్ చేరాలంటే, ముందుగా ఆంధ్రలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన నౌపడాలో దిగి, అక్కడ మద్రాసు నుండి హౌరా వైపు పోయే పెద్ద రైలెక్కి, బరంపురం మీదుగా పైకి పోవాలి. పక్క రాష్ట్రం గుండా తప్ప తన రాష్ట్ర రాజధానికి రైలు లేని మనిషి సభలో రోడ్ల గురించి, వంతెనల గురించి ఏం మాట్లాడి ఉంటారో ఊహించగలం గాని, మీరు ఊహతో ఆగకూడదు. ఆ టిక్కెట్టు ఖర్చును ఆయన మిల్లు పద్దులో వేశారా, ఇంటి ఖర్చులో వేశారా, సభ్యుడిగా వచ్చే భత్యానికి వేరే ఖాతా పెట్టారా అన్నది కనిపెడితే, రెండు బాధ్యతలను ఆయన ఎంత వేరుగా ఉంచుకున్నారో తేలుతుంది.

ఇక ధర్మం పద్దు. మన వైపు వ్యాపారులు బస్తాకు ఇంత అని తీసి ధర్మం పేరున జమ కట్టడం పాత ఆనవాయితీ. సత్రానికి, గుడికి, చలివేంద్రానికి, ఒక్కోసారి బడి గదికి ఆ డబ్బే వెళ్ళేది. అయితే ఆ డబ్బు షావుకారు లాభంలోనిది కాదు. సరుకు అమ్మిన రైతు దగ్గరో, కొన్నవాడి దగ్గరో తీసి ఉంచినది. అందుచేత ధర్మం పద్దుతో కట్టిన గదిని మీ తాతగారి సొంత దానమని రాయవద్దు. ఆయన చేతిమీదుగా కట్టించినదని రాయండి. ఆయన తన సొంత ఖాతా నుండి తీసి ఇచ్చినది వేరే ఉంటే, దానిని తేదీతో సహా రాయండి. ఆ రెంటినీ కలిపివేయడం ఆయనే ఒప్పుకునేవారు కాదేమో, ఎందుకంటే ఆయన పుస్తకంలోనే అవి వేరువేరు ఖాతాలు.

శాసనసభలో బడ్జెట్టును శాఖలవారీగా ఆమోదానికి పెట్టినప్పుడు ఆ ఒక్కొక్క దానిని కూడా తెలుగులో పద్దు అనే అంటాం. కొట్లో పద్దు రాసిన మనిషి సభలో పద్దులపై ఓటు వేయడానికి వెళ్ళాడన్నమాట. మీరు వెతకవలసిన రెండో చోటు అదే. భువనేశ్వర్‌లోని శాసనసభ గ్రంథాలయంలో సభా కార్యక్రమాల సంపుటాలు ఉంటాయి. వాటిలో మీ తాతగారి పేరు ఎక్కడెక్కడ వచ్చిందో వెతకండి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. పద్దులపై చర్చలో ప్రసంగాలు, పద్దు మొత్తాన్ని తగ్గించాలంటూ సభ్యులు పెట్టే కోత తీర్మానాలు వేరుగా ఉంటాయి. ఆయన ఏ అంశంపై ఎన్నిసార్లు అడిగారో, మంత్రి ఏమని చెప్పారో, అదే ప్రశ్న మళ్ళీ మరుసటి సంవత్సరం ఎందుకు అడగవలసి వచ్చిందో వరుసలో పెట్టుకుంటే, మీ పుస్తకానికి మధ్యభాగం సిద్ధమైనట్టే. ఆయన అయిదేళ్ళలో మూడుసార్లే మాట్లాడి ఉంటే మూడుసార్లని రాయండి. ఎన్నికల వివరాల కోసం ఎన్నికల సంఘం నివేదికలు చూడండి. 1951–52 మొదటి ఎన్నికల నుండి ప్రతి శాసనసభ ఎన్నికలోనూ ఎవరు ఏ పార్టీ తరఫున నిలిచారో, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఆ నివేదికల్లో అచ్చయింది, అవి సంఘం వెబ్‌సైటులోనే దొరుకుతాయి.

ఊళ్ళో పెద్దలు చెప్పే మాటలను కొట్టివేయవద్దు, అలాగని అలాగే రాయనూ వద్దు. "హైస్కూలు ఆయనే తెచ్చారు" అన్న మాటలో కనీసం నాలుగు పనులు ఇమిడి ఉండవచ్చు. స్థలం ఇచ్చి ఉండవచ్చు, అలా అయితే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దానపత్రం నకలు దొరకాలి. చందాలు వసూలు చేసి ఉండవచ్చు, అలా అయితే జాబితా ఉండాలి. సభలో అడిగి మంజూరు చేయించి ఉండవచ్చు, అలా అయితే ప్రశ్న, జవాబు ఉండాలి. లేదా మంజూరైన తరువాత ప్రారంభోత్సవానికి అధ్యక్షత వహించి ఉండవచ్చు, అప్పుడు మిగిలేది ఫోటో మాత్రమే. ఈ నాలుగింటిలో ఏది జరిగిందో కాగితం చూసి రాయండి. కాగితం లేని చోట, ఫలానా తరంవారు ఇలా చెప్పుకుంటారని రాయండి. పాఠకుడు మిమ్మల్ని నమ్ముతాడు, ఆయనను మరింత నమ్ముతాడు.

చివరగా, మీకు కష్టంగా ఉండే సంగతి. కొండ దినుసుల వ్యాపారం అంటే చింతపండు, పసుపు, ఇప్పపువ్వు, కొండ చీపుళ్ళు సంతల్లో గిరిజనులైన సవరల దగ్గర, కోందుల దగ్గర కొనడం. ఆ వ్యాపారంలో ముందస్తు అప్పు ఉండేది, కుంచంతో కొలిచి తీసుకోవడం ఉండేది, అప్పు తీరని చోట పొలం చేతులు మారడమూ ఉండేది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలులోకి వచ్చేవరకు ఒక సంత కుంచానికి ఇంకో సంత కుంచానికి పొత్తు కుదిరేది కాదు. కొరాపుట్టు వైపు అప్పుకు బదులు మనిషే చాకిరీ చేసే గోటి పద్ధతిని నిషేధిస్తూ 1948లో, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోకుండా 1956లో ఒడిశాలో నిబంధనలు రావలసి వచ్చిందంటే, అన్యాయం ఎంత లోతున పాతుకున్నదో అర్థం చేసుకోవచ్చు. మీ తాతగారి ఆవర్జాలో సవరల పేరున ఉన్న ఖాతాలు ఎలా ముగిశాయో చదవండి. అప్పు తీరి చెల్లు అయ్యాయా, మాఫీ అయ్యాయా, పొలం రాయించుకోవడంతో ముగిశాయా? ఆయన ఆ కొండ గ్రామాల ఓట్లతో కూడా గెలిచి ఉంటారు కనుక ఆ గ్రామాల పెద్దలను కలిసి, వారు ఆయన గురించి ఏం గుర్తుపెట్టుకున్నారో అడిగి రాసుకోండి. మీ మావయ్యలు ఈ అధ్యాయం వద్దనవచ్చు. మీరు దానిని వదలవద్దని పెద్దవాడిగా నా కోరిక. జమ వైపు ఒక్కటే రాసిన పుస్తకాన్ని మీ తాతగారి మిల్లులో లెక్క అని ఎవరూ ఒప్పుకుని ఉండరు.

ప్రశ్న: బరంపురంలో మాది పట్టుచీరల వ్యాపారం. వ్యాపారి శాసనసభకు వెళ్ళడమే స్వప్రయోజనం కోసమని కాలేజీలో చదివే మా అబ్బాయి వాదిస్తున్నాడు. శాసనసభ్యుడు వ్యాపారం చేయవచ్చా? చట్టం ఏమంటుంది?

సమాధానం: వ్యాపారం చేయవచ్చు. ప్రభుత్వంతో వ్యాపారం చేయడం దగ్గరే చట్టం అడ్డుకట్ట వేసింది. రాజ్యాంగం 191వ అధికరణం ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయకమైన పదవిలో ఉన్నవారు, ఆ పదవికి చట్టం మినహాయింపు ఇస్తే తప్ప, శాసనసభ్యులు కాలేరు. దీనికి తోడు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 7వ సెక్షన్‌లో ప్రభుత్వంతో ఒప్పందాలు ఉన్నవారికి అనర్హత పెట్టారు. తరువాతి సవరణల్లో దాని పరిధి కొంత కుదించి, 1966 సవరణతో దానిని 9ఏ సెక్షన్‌గా ఉంచారు. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకులు సరఫరా చేయడానికి గానీ, ప్రభుత్వం చేపట్టిన పనులు చేయడానికి గానీ కుదుర్చుకున్న ఒప్పందం అమలులో ఉన్నంతకాలం ఆ మనిషి అనర్హుడు. సరుకు మొత్తం అప్పగించి, పని పూర్తిచేసి, ప్రభుత్వం నుండి బిల్లు రావడం ఒక్కటే మిగిలి ఉంటే ఒప్పందం అమలులో ఉన్నట్టు కాదు. రాష్ట్ర శాసనసభకు సంబంధించినంతవరకు ఇక్కడ ప్రభుత్వం అంటే ఆ రాష్ట్ర ప్రభుత్వం. సరిహద్దు ఊరైన ఇచ్ఛాపురానికి అవతలా ఇవతలా రెండు వైపులా వ్యాపారం చేసే మనలాంటివారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఈ నియమం కాగితం మీద మాత్రమే ఉన్నది కాదని చెప్పడానికి ఒక పాత తీర్పు ఉంది. 1951–52 ఎన్నికల్లో భండారా నుండి, అంటే అప్పటి మధ్యప్రదేశ్ నుండి, లోక్‌సభకు ఎన్నికైన చతుర్భుజ్ విఠల్‌దాస్ జసానీ ఒక బీడీల సంస్థలో భాగస్వామి. సైనికుల క్యాంటీన్లకు బీడీలు సరఫరా చేసే ఒప్పందం ఆ సంస్థకు ఉండేది. అది ప్రభుత్వంతో ఒప్పందమేనని, ఆ కాలంలో అది అమలులో ఉన్నదని తేల్చి, ఆయన అనర్హుడని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బీడీకట్ట చిన్నదే అయినా దాని వెనుక ఉన్న లెక్క చిన్నది కాదని న్యాయస్థానం చూసింది.

మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. చట్టం ఒప్పందాన్ని చూడగలదు గాని, మిల్లు గేటు ముందు నుండి పోయేలా మళ్ళించిన రోడ్డును చూడలేదు, పోటీదారు లైసెన్సు దరఖాస్తు ఆలస్యమయ్యేలా వెళ్ళిన ఫోనును వినలేదు. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, చదువు, తమపై ఉన్న కేసులు ప్రమాణపత్రంలో ప్రకటించవలసి వచ్చింది. 2018 తీర్పుతో తమకూ జీవిత భాగస్వామికీ ఆదాయం ఏ మార్గాల్లో వస్తున్నదో కూడా చెప్పాలి. ఆ పత్రాలు ఎవరైనా చదవవచ్చు. రెండు ఎన్నికల నాటి పత్రాలను పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మీ అబ్బాయి చేసుకుంటే అతని వాదనకు ఆధారం దొరుకుతుంది, లేదా అతని అభిప్రాయమే మారుతుంది. రెండూ మంచివే. వ్యాపారి అయినంత మాత్రాన అనుమానించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. రోజూ సంతలో నిలబడే మనిషికి ధర పడిపోతే రైతు ముఖం ఎలా ఉంటుందో తెలుసు, ఆ అనుభవం సభకు అవసరం.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మా పెదనాన్నగారు కిరాణా, ధాన్యం వ్యాపారం చేసేవారు. ఊరివాళ్ళకు ఎంతో చేసినా ఎన్నడూ శాసనసభ్యులు కాలేదు. అలాంటివారి జీవితం రాయదగినదేనా?

సమాధానం: తప్పకుండా రాయదగినదే. అయితే ఆయన ఎందుకు కాలేదన్నది ముందుగా సరిగా రాయండి. గడ్చిరోలి జిల్లాలోని మూడు శాసనసభ స్థానాలూ, మీ సిరోంచ ఉన్న అహేరితో సహా, ఈనాడు షెడ్యూల్డు తెగలకు కేటాయించినవి. ఒడిశా వైపు రాయగడ జిల్లాలోని మూడు స్థానాలూ అంతే. అక్కడి జనాభానుబట్టి అది న్యాయమైన ఏర్పాటు. గిరిజనేతర వ్యాపారికి అక్కడ మిగిలే ప్రజాజీవితం పంచాయతీ, పట్టణ సంస్థ, మార్కెట్ కమిటీ, బడి కమిటీ. అది శాసనసభకు మెట్టు కాదు, దానంతట అదే పూర్తి పని.

మీ ఊరి విషయంలో రాయడానికి ఎంతో ఉంది. 1874 దాకా సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ఈనాడు జిల్లా కేంద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడక ముందు చంద్రపూర్ దాకా పోవలసి వచ్చేది. గోదావరి మీద కాళేశ్వరం వైపు వంతెన 2016లో గాని అందుబాటులోకి రాలేదు. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ కచేరీలో మరాఠీ ఉన్న ఊళ్ళో, మరాఠీలో దరఖాస్తు రాయగల షావుకారు కొట్టు ముందు అరుగే చాలామందికి కార్యాలయం. మీ పెదనాన్నగారు ఎవరికోసం ఏ దరఖాస్తు రాశారు, తునికాకు కాలంలో కూలి డబ్బు ఆలస్యమైతే కొట్లో అరువు ఇచ్చారా, వానాకాలంలో పడవ ఆగిపోయినప్పుడు ఉప్పు, బియ్యం ధర పెంచారా పెంచలేదా అన్న సంగతులు ఆయన దగ్గర అరువు తెచ్చుకున్న ఇళ్ళలో ఇంకా గుర్తుంటాయి. ఆ ఇళ్ళకు ఈ వేసవిలోనే వెళ్ళండి, ముసలివాళ్ళు ఎదురుచూస్తూ ఉండరు.

ప్రశ్న: జయపురం కాలేజీ విద్యార్థిని. ఒడిశా శాసనసభలో తెలుగువాడైన సభ్యుడు తెలుగులో మాట్లాడవచ్చా?

సమాధానం: సభాపతి అనుమతితో మాట్లాడవచ్చు. రాజ్యాంగం 210వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ కార్యక్రమాలు ఆ రాష్ట్ర అధికార భాషలో గానీ, హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ జరగాలి. వాటిలో తన భావాన్ని సరిగా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడేందుకు సభాపతి అనుమతి ఇవ్వవచ్చు. అయితే మన సరిహద్దు వ్యాపారులకు ఆ అవసరం తక్కువ. సంతలో ఒడియా రాకపోతే సరుకు కొనడమే కుదరదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం కూర్చారు. ఆయనంత శాస్త్రీయంగా కాకపోయినా, బేరానికి సరిపడా సవర మాటలు వచ్చిన షావుకార్లు ఆ వైపు ఉండేవారు.

సభలో మాట్లాడటం కంటే సామాన్యులకు ఎక్కువ ఉపయోగపడేది 350వ అధికరణం. దేశంలోనో, ఆ రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తమ ఫిర్యాదును ప్రభుత్వానికి రాసుకునే హక్కు అది ఇస్తుంది. 1956 సవరణతో వచ్చిన 350ఏ, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయానికి ప్రయత్నించాలని రాష్ట్రాలను ఆదేశిస్తుంది. తెలుగు శాసనసభ్యుడు తెలుగులో మాట్లాడాడా అన్నదానికంటే, తెలుగు బడికి పంతులు లేని సంగతి ఒడియాలోనైనా సభ ముందు పెట్టాడా అని చూడమని మీకు నా సలహా.

ప్రశ్న: రాయగడ దగ్గర మా ఊరి ధర్మసత్రం గోడ మీద 1968 నాటి శిలాఫలకంపై ఒక శాసనసభ్యుడి "సహాయముతో" అని ఉంది. దానిని ఆయన నియోజకవర్గ నిధి అనుకోవాలా?

సమాధానం: అనుకోవడానికి వీలులేదు. పార్లమెంటు సభ్యుల స్థానిక అభివృద్ధి నిధి పథకం మొదలైనదే 1993 డిసెంబరు 23న, పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా. ఆయనే 1996లో మన బరంపురం నుండి లోక్‌సభకు గెలిచారు. రాష్ట్రాల్లో శాసనసభ్యుల నిధి కూడా 1968లో లేదు. కనుక మీ ఫలకం మీది సహాయం ఆయన సొంత డబ్బో, చందాలో, మంజూరు చేయించిన ప్రభుత్వ సొమ్మో అయి ఉండాలి. సత్రం పాత లెక్కలు చూస్తే తేలుతుంది. ఈనాటి ఫలకాల మీద సభ్యుడి పేరు ఎంత పెద్దగా ఉన్నా, ఆ నిధి ప్రభుత్వానిదే. సభ్యుడు సిఫారసు చేస్తాడు, మంజూరు చేసి పని చేయించేది జిల్లా యంత్రాంగం.

ప్రశ్న: నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మా ముత్తాతగారు మిరప వ్యాపారి. 1952లో శాసనసభకు పోటీ చేశారని ఇంట్లో చెబుతారు. మహారాష్ట్ర జాబితాల్లో ఆయన పేరు లేదు. మావాళ్ళు చెప్పినది అబద్ధమా?

సమాధానం: అబద్ధమని తొందరపడవద్దు, మీరు వెతికిన రాష్ట్రం వేరు. 1952లో నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. మీరు ఆనాటి 175 స్థానాల హైదరాబాదు శాసనసభ ఎన్నికల నివేదిక చూడాలి. 1956 నవంబరులో మీ జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరింది, 1960 మే 1 నుండి మహారాష్ట్ర అయింది. కిన్వట్, రాజురా వైపువారైతే 1952కు ఆదిలాబాద్ జిల్లా కింద వెతకాలి. సిరోంచవారు నాగపూర్ రాజధానిగా ఉన్న నాటి మధ్యప్రదేశ్ కాగితాలు చూడాలి. గంజాం, కొరాపుట్టు వైపువారికి 1936 ఏప్రిల్ 1కి ముందువన్నీ మద్రాసు రాష్ట్ర కాగితాలే, అవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పురాతన పత్రాల భాండాగారంలో వెతకవచ్చు.

పేరు వెతకడంలోనూ ఒక మెలకువ కావాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ పద్ధతిలో మనిషి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. మీ వైపు తెలుగు కుటుంబాల ఇంటిపేర్లకు "వారు" అన్న మన గౌరవపదమే చేరి "వార్" అని స్థిరపడింది. అందుచేత ఒకసారి ఇంటిపేరుతో, ఒకసారి దాని చివర "వార్" చేర్చి, ఇంకోసారి ముత్తాతగారి పేరుతోనూ ఆయన తండ్రిగారి పేరుతోనూ వెతకండి. ఒడిశా వైపువారు పర్లాకిమిడికి పరలాఖెముండి అని, బరంపురానికి బ్రహ్మపుర్ అని, జయపురానికి జేపూర్ అని మారిన రూపాలను కూడా చూసుకోవాలి. పేరు దొరికితే నివేదికలోని ఆ పేజీ నకలు మాకు కూడా పంపండి.